చిలక లేని మాయల ఫకీరు

'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొత్తం మీద మోర్గోత్ పేరు చాలా కొద్దిసార్లే వినిపిస్తుంది. మోరియా గుహల్లో గాండాల్ఫ్‌ని పోగొట్టుకుని లోత్‌లోరియెన్ చేరాక, తమ మీద పడింది ఏమిటో చెప్తూ లెగొలాస్ అది మోర్గోత్ కాలం నాటి బాల్రోగ్ అంటాడు. అంతకు చాలా ముందే వెదర్‌టాప్ కొండ మీద చలిమంట దగ్గర ఆరగార్న్ ఓ పాత ప్రేమకథ చెప్తూ, ఆ రోజుల్లో ఉత్తరాన ఒక మహాశత్రువు ఉండేవాడనీ, సౌరాన్ అతనికి నౌకరు మాత్రమేననీ ఒక్క ముక్కలో చెప్పి ముందుకి పోతాడు. కథ హడావుడిలో మనమూ ముందుకి పోతాం. ఎవరి ఉంగరం గురించి వెయ్యి పేజీలు చదువుతున్నామో వాడు ఎవరికో నౌకరట! మరి యజమాని ఎలా ఉండేవాడు?

ఆ యజమాని కథ 'సిల్మరిలియన్'లో ఉంది. టోల్కీన్ 1973లో పోయాడు, పుస్తకం 1977లో వచ్చింది. అరవై ఏళ్లపాటు రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన కాగితాల గుట్టలోంచి కొడుకు క్రిస్టఫర్, గై గావ్రియెల్ కే అనే కుర్రాడి సాయంతో దాన్ని కూర్చాడు. (ఆ కుర్రాడు తర్వాత తనే పేరున్న ఫాంటసీ రచయిత అయ్యాడు.) మిగిలిన కాగితాల్ని క్రిస్టఫర్ 1983 నుంచి 1996 దాకా 12 సంపుటాలుగా అచ్చువేశాడు. వాటిలో పదోదాని పేరే 'మోర్గోత్స్ రింగ్', 1993ది. ఈ వ్యాసంలో నాకు ముఖ్యమైన ఆలోచన ఆ సంపుటంలోదే. కానీ అక్కడిదాకా మెల్లగా వెళ్దాం.

పుస్తకాల గురించి మాట్లాడుకునే మిత్రుల దగ్గర టోల్కీన్ మీద ఓ ఫిర్యాదు తరచూ వింటుంటాను. ఆయన లోకంలో మంచి తెల్లగా, చెడు నల్లగా ఉంటుందని, విలన్‌కి లోపల ఏమీ ఉండదని, జార్జ్ మార్టిన్ వచ్చాకే ఫాంటసీకి మధ్యరంగులు దొరికాయని. సౌరాన్ వరకూ అయితే సరే, మూడు సంపుటాల్లోనూ అతను మనకి ఎదురుపడడు కూడా. మోర్గోత్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. అతని దగ్గర చూడాల్సింది రంగు కాదు, సైజు. మామూలు ఫాంటసీలో డార్క్ లార్డ్ బలం కథతోపాటు పెరుగుతూ పోతుంది. క్లైమాక్స్‌లో ఆకాశమంత అయ్యాక హీరో ఒక్క దెబ్బతో పడేస్తాడు. మోర్గోత్ గ్రాఫ్ దీనికి తిరగేసి ఉంటుంది. మొదటి పేజీల్లో అతనికున్నంత శక్తి మళ్లీ ఎప్పుడూ ఉండదు. అధ్యాయం గడిచేకొద్దీ ఇంత ఇంత తగ్గుతూ, చివరికి కుంటుకుంటూ, భూమి అడుగున ఇనుప కిరీటం పెట్టుకుని, బయటికి రావడానికి భయపడే ఓ రాజుగా మిగులుతాడు. దేవుడంతటివాడు అలా ఎందుకయ్యాడన్నదే అతని కథ.

మొదట్లో అతని పేరు మెల్కోర్, బలంతో పైకి లేచేవాడని అర్థం. సృష్టికర్త ఇలూవతార్ తన ఆలోచనల్లోంచి ఐనూర్ అనే దివ్యజీవుల్ని పుట్టిస్తాడు, వాళ్లందరి చేతా ఒక మహాసంగీతం పాడిస్తాడు. ఆ పాటే తర్వాత లోకం అవుతుంది. ఐనూర్ అందరిలోకీ ఎక్కువ ఇచ్చింది మెల్కోర్‌కే. మిగతావాళ్లకి విడివిడిగా దొరికిన విద్యలన్నిటిలోనూ అతనికి వాటా ఉంది. అయినా చాలదు. తనంతట తాను ఏదైనా పుట్టించాలని, ప్రాణం పోసే అగ్ని ఎక్కడుందో వెతుక్కుంటూ ఒక్కడే శూన్యంలోకి వెళ్తాడు. అక్కడ అగ్ని దొరకదు, అది ఇలూవతార్ దగ్గరే ఉంది. దొరికింది ఒంటరితనమే. అందులో పుట్టిన ఆలోచనల్ని తీసుకొచ్చి పాటలో కలుపుతాడు.

టోల్కీన్ ఇక్కడ ఎంత జాగ్రత్తగా ఉన్నాడో చూడండి. సొంతంగా ఏదో చెయ్యాలనుకోవడం పాపమని ఆయన ఎక్కడా అనడు. ఆ కోరిక ఔలె అనే ఇంకో దేవతకీ ఉంది. ఔలె కమ్మరి, లోహాలకీ రాళ్లకీ అధిపతి. ఆగలేక చాటుగా మరుగుజ్జుల్ని చేసేస్తాడు. దొరికిపోయాక ఏడుస్తూ, తను చేసినవాటిని తనే పగలగొట్టడానికి సుత్తి ఎత్తుతాడు. ఆ సుత్తిని చూసి మరుగుజ్జులు భయంతో ముడుచుకుంటారు. అప్పటికే ఇలూవతార్ వాటికి ప్రాణం ఇచ్చేశాడన్నమాట. ఔలెదీ మెల్కోర్‌దీ ఒకటే ఆకలి. చేసినదాన్ని చేతిలోంచి వదలగలగడం దగ్గరే దారులు విడిపోయాయి.

మెల్కోర్ వదలడు. పాటలో అతని వంతు ఎలా ఉందో టోల్కీన్ చెప్పిన తీరు నాకు భలే ఇష్టం. గట్టిగా ఉంటుంది, డాబుగా ఉంటుంది, ఉన్న నాలుగు స్వరాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వినాయక చవితి రాత్రి అపార్ట్‌మెంట్ కింద డీజే పెట్టించుకున్నవాళ్లకి ఇది విడిగా వివరించక్కర్లేదు. అందరికన్నా ఎక్కువ విద్యలున్నవాడి పాటలోనే అందరికన్నా తక్కువ స్వరాలున్నాయి. అతను తగ్గడం అక్కడే మొదలైంది, లోకం ఇంకా పుట్టకముందే.

మన పురాణాల మీద పెరిగినవాళ్లకి ఈ విలన్ మొదట్లో కొంచెం కొత్తగా ఉంటాడు. మన దగ్గర రాక్షసుడు కష్టజీవి. ఒంటికాలి మీద నిలబడి తపస్సు చేస్తాడు, వరం సంపాదిస్తాడు. ఎంత జాగ్రత్తగా అడిగినా వరంలో ఎక్కడో సందు మిగిలిపోతుంది. హిరణ్యకశిపుడు అడిగిన వరం చూస్తే నాకు మా ఆఫీసులో రాసే రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటే గుర్తొస్తుంది. పగలు కాదు, రాత్రి కాదు, లోపల కాదు, బయట కాదు, మనిషి కాదు, మృగం కాదు. అన్నీ రాశానని సంతకం పెట్టాక తేలే ఎడ్జ్ కేసే నరసింహుడు. పైగా ఆ హిరణ్యకశిపుడు అసలు వైకుంఠం వాకిట్లో నిలబడ్డ జయవిజయుల్లో ఒకడు, శాపం తీరాక తిరిగి ఇంటికి వెళ్లిపోతాడు. మోర్గోత్‌కి ఇవేవీ లేవు. శక్తి ఎవరూ ఇచ్చిన వరం కాదు, పుట్టుకతో వచ్చింది. కాబట్టి అందులో సందులు లేవు, బయటివాడు వచ్చి దొరకబుచ్చుకోడానికి ఏమీ లేదు. అతని బలం పోవాలంటే అతనే ఖర్చుపెట్టుకోవాలి. తిరిగి వెళ్లే ఇల్లు కూడా లేదు.

ఖర్చు మొదట కళ్లకి కనపడేది ఉంగోలియంట్ ఘట్టంలో. అప్పటికి మెల్కోర్ మూడు యుగాలు చెరలో ఉండి, మంచివాడిలా నటించి విడుదలయ్యాడు. (విడిచిపెట్టింది మాన్వె. తనలో లేని చెడుని ఎదుటివాడిలో పోల్చుకోలేని పాలకుడు. సిల్మరిలియన్‌లో సగం కష్టాలకి ఈ మంచితనమే మూలం.) లోకానికి వెలుగిచ్చే రెండు చెట్లని చంపడానికి మెల్కోర్ ఉంగోలియంట్ అనే సాలెపురుగుతో బేరం పెట్టుకుంటాడు. ఏమడిగినా రెండు చేతులా ఇస్తానని మాటిస్తాడు. ఆమె చెట్లలో ఉన్న వెలుగంతా తాగేసి పెద్దదవుతుంది. మెల్కోర్ ఆ పనికోసం తన శక్తి ఆమెకి పోసి చిన్నవాడవుతాడు. పారిపోతూ దారిలో ఆమె బాకీ అడుగుతుంది. దోచుకొచ్చిన రత్నాలన్నీ ఎడమ చేత్తో ఇస్తాడు. కుడి చేతిలో సిల్మరిల్స్ మూడూ ఉన్నాయి, అవి అతని అరచేతిని కాలుస్తున్నాయి. ఆ పిడికిలి మాత్రం విప్పడు.

కాలుతున్న పిడికిలి. మాట ఇచ్చింది రెండు చేతులతో, ఇచ్చింది ఒక చేత్తో. మోర్గోత్ స్వభావం గురించి టోల్కీన్ చెప్పినదంతా ఈ ఒక్క బొమ్మలో ఉందని నాకనిపిస్తుంది. ఆ తర్వాత సాలెగూడులో చిక్కుకుని అరుస్తాడు. ఐనూర్‌లో మొదటివాడు సాయం కోసం అరవడం, భూమి అడుగు నుంచి బాల్రోగ్‌లు పరిగెత్తుకొచ్చి తమ దొరని విడిపించుకోవడం, ఇవేవీ డార్క్ లార్డ్‌కి గౌరవం తెచ్చే సన్నివేశాలు కావు. మోర్గోత్ అన్న పేరు కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే అంటుకుంది. తండ్రిని చంపి తను చేసిన సిల్మరిల్స్ ఎత్తుకుపోయినందుకు ఫియనోర్ పెట్టిన పేరు అది, నల్లని శత్రువని అర్థం. ఇకనుంచి కథలో ఎల్ఫ్‌లు అతన్ని సొంత పేరుతో పిలవరు. రూపం మార్చుకునే శక్తి కూడా పోయింది. ఒకప్పుడు బట్ట మార్చినట్టు ఒళ్లు మార్చినవాడు ఆ నల్ల రాజు రూపంలోనే ఇరుక్కుపోయాడు.

ఇక ఫింగోల్ఫిన్ ద్వంద్వయుద్ధం. టోల్కీన్ అభిమానులు ఎక్కువగా చెప్పుకునే ఘట్టం ఇదే, సాధారణంగా ఫింగోల్ఫిన్ వీరత్వం కోసం. నేను మాత్రం ప్రతిసారీ మోర్గోత్‌నే చూస్తాను. ఉత్తరాన యుద్ధం ఓడిపోయిందని తెలిసి, తెగించిన ఎల్ఫ్ రాజు ఒక్కడే గుర్రం మీద అంగ్‌బాంద్ ఇనుప ద్వారం దాకా వచ్చి బయటికి రమ్మని కేకేస్తాడు. లోపల కూర్చున్నవాడికి రావాలని లేదు. కానీ సేనాపతుల ముందు పిరికివాడనిపించుకోలేక లేస్తాడు. వాలార్ అందరిలో భయం తెలిసినవాడు అతనొక్కడేనని రచయిత అక్కడే చెప్తాడు. మామూలుగా ఈ వివరం హీరోకి పొగడ్తగా చదువుతాం. నాకది మోర్గోత్ బ్యాలెన్స్ షీటులా కనిపిస్తుంది. మాన్వెకి భయం లేదు, తుల్కాస్‌కి లేదు. వాళ్ల శక్తి ఇంకా వాళ్లలోనే ఉంది. పోయేదేదో ఉన్నవాడికీ, సగం ఇప్పటికే పోయినవాడికీ కదా భయం. గ్రోండ్ అనే సుత్తితో అతను కొట్టిన ప్రతిచోటా నేల గొయ్యి పడుతుంది. ఆ గోతుల్లోనే ఫింగోల్ఫిన్ చివరికి కాలు జారి పడతాడు. గెలిచింది మోర్గోతే. కానీ ఒంటి మీద ఏడు గాయాలు, తెగిన పాదం, పైనుంచి థోరొందోర్ అనే గద్ద వచ్చి చీరిన ముఖం. ఆ గాయాల నొప్పి మానదు, కుంటి పోదు. దేవుళ్లలో ఒకడు ఓ ఎల్ఫ్ చేతిలో శాశ్వతంగా కుంటివాడయ్యాడంటే ఆ ఒంట్లో అప్పటికి దైవత్వం ఎంత మిగిలుందో లెక్క కట్టుకోవచ్చు.

మిగిలినది ఎటు పోయింది? 'మోర్గోత్స్ రింగ్'లో టోల్కీన్ చివరి దశలో రాసుకున్న ఓ వ్యాసం ఉంది. సౌరాన్‌కీ మోర్గోత్‌కీ తేడా ఏమిటని తనని తానే అడిగి, ఆయన తేల్చుకున్న జవాబుని మన కథల భాషలో చెప్తాను.

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు గుర్తున్నాడు కదా. వాడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు. ఏడు సముద్రాల అవతల ఓ చిలకలో దాచిపెట్టాడు. ఫకీరుని ఎన్నిసార్లు పొడిచినా లాభం లేదు, చిలక గొంతు నులిమితే అక్కడికక్కడే చస్తాడు. సౌరాన్ సరిగ్గా ఇదే చేశాడు. తన శక్తిలో పెద్ద భాగం ఒక ఉంగరంలో పోశాడు. ఉంగరం ఉన్నంతకాలం పూర్తిగా చావడు, అది కరిగిన రోజు ఇక లేడు. ప్రపంచంలో సగం జానపద కథల్లో ఈ చిలక ఏదో రూపంలో ఉంది. హారీ పాటర్‌లో వోల్డెమార్ట్ అయితే ఒక చిలక చాలదని ఏడు పెంచాడు.

మోర్గోత్‌కి చిలక లేదు. లోకంలో ఉన్న పిట్టలన్నిటిలోనూ ప్రాణం పంచిపెట్టాడు. పిట్టల్లోనే కాదు, నేలలో, రాయిలో, లోహంలో, తిండిలో. లోకం మొత్తాన్ని తనదిగా చేసుకోవాలని దాని పదార్థంలోకే తన శక్తిని ధారపోశాడు. సౌరాన్‌కి ఉంగరం ఎలాగో మోర్గోత్‌కి మిడిల్ ఎర్త్ అంతా అలాగన్నది టోల్కీన్ నిర్ణయం. అందుకే అతను అంతలా తగ్గిపోయాడు. అందుకే, బలంలో ఎంతో తక్కువవాడైన సౌరాన్ రెండో యుగంలో, మొదటి యుగం చివరినాటి మోర్గోత్ కన్నా శక్తిమంతుడిగా ఉన్నాడని కూడా ఆయన రాస్తాడు. నౌకరు పొదుపరి, యజమాని దుబారా మనిషి.

రోజూ సర్వర్లతో కుస్తీ పట్టేవాడిగా ఈ తేడా నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది. సౌరాన్‌ది అంతా ఒకేచోట పెట్టుకున్న సిస్టమ్. పనితీరు బ్రహ్మాండం, కానీ ఆ ఒక్క మెషీన్ పోతే అన్నీ పోతాయి. ఫ్రోడో చేసింది ఆ ఒక్క మెషీన్ దాకా నడిచివెళ్లడం. మోర్గోత్‌ది అలా కాదు. అతన్ని తీసెయ్యాలంటే ఏది తియ్యాలి? అతని కోడ్ విడి ఫైల్లో లేదు, మిగతా ప్రపంచమంతా ఆధారపడ్డ బేస్ లైబ్రరీలో కలిసిపోయింది. అది పీకితే పైన నడుస్తున్నవన్నీ కూలిపోతాయి. వాలార్ అన్ని వందల ఏళ్లు ఏమీ చెయ్యకుండా ఎందుకు కూర్చున్నారని సిల్మరిలియన్ చదివిన ప్రతివాళ్లూ విసుక్కుంటారు. ఆ వ్యాసంలో టోల్కీన్ చెప్పే కారణం ఇదే. మోర్గోత్‌తో పూర్తిస్థాయి యుద్ధమంటే భూమితో యుద్ధమే. చివరికి ఆ యుద్ధం జరిగినప్పుడు బెలేరియాండ్ అనే ఖండభాగం దాదాపు మొత్తం సముద్రంలో మునిగిపోయింది. అతని కాళ్లు నరికి, ఇనుప కిరీటాన్నే మెడకి పట్టీగా వంచి, గొలుసులేసి, ఒకప్పుడు అగ్నికోసం వెతుక్కుంటూ వెళ్లిన ఆ శూన్యంలోకే గెంటేశారు. గెంటింది అతన్ని మాత్రమే. పోసిన విషం ఇక్కడే ఉంది. బంగారంలో ఎక్కువట, నీళ్లలో దాదాపు లేదట, ఇలాంటి లెక్కలు కూడా ఆ వ్యాసంలో ఉన్నాయి. ఈ నేల మీద పుట్టి ఈ తిండి తినే ఒంట్లో అతని పాలు ఎంతో కొంత ఉంటుంది, ఎల్ఫ్ అయినా మనిషి అయినా.

తెలుపూ నలుపూ అని ఫిర్యాదు చేసేవాళ్లకి నేను చూపించేది ఇదే. చెడుకి గోడ అవతల చిరునామా ఉంటే తెలుపు నలుపు అనొచ్చు. ఇక్కడ గోడ కట్టిన మట్టిలోనే అది ఉంది.

చెడు అంటే మంచి లేకపోవడమేనా, లేక దానికంటూ సొంత ఉనికి ఉందా అన్న పాత తగువుని టోల్కీన్ రెండువైపులా లాగుతాడని టామ్ షిప్పీ అనే విమర్శకుడు చాలా ఏళ్ల క్రితమే చూపించాడు. మోర్గోత్‌లో ఆ రెండూ కలిసి కనిపిస్తాయి. సొంతంగా ఏదీ పుట్టించలేనివాడు, అంటే ఒక లోటు. కానీ ఆ లోటు నేలలోకి ఇంకి, ముట్టుకుంటే అంటుకునే వస్తువైపోయింది.

ఈ కట్టడంలో బీట ఒకటి ఉంది, ఓర్క్‌లు. మోర్గోత్ ప్రాణం పొయ్యలేడు కాబట్టి ఎల్ఫ్‌లని పట్టుకుని హింసించి ఓర్క్‌లుగా మార్చాడని అచ్చయిన సిల్మరిలియన్ చెప్తుంది. అయితే వాటికి ఆత్మ ఉన్నట్టే కదా? ఆత్మ ఉంటే మారే అవకాశం ఉండాలి కదా? మరి హీరోలు లెక్కపెట్టుకుంటూ నరికేది ఎవరిని? క్యాథలిక్ అయిన టోల్కీన్‌ని ఈ ప్రశ్న నిద్రపోనివ్వలేదని చివరి కాగితాలు చూస్తే తెలుస్తుంది. ఓ చోట జంతువులంటాడు, ఓ చోట మనుషుల్లోంచి వచ్చారంటాడు, కలగలుపు అంటాడు. ఏదీ కుదరదు. కుదరదనడానికి సాక్ష్యం 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లోనే ఆయనే రాసిపెట్టాడు. షగ్రాట్, గోర్బాగ్ అనే ఇద్దరు ఓర్క్‌లు చీకట్లో మాట్లాడుకుంటారు. ఈ యుద్ధం అయిపోతే పెద్ద బాస్‌లు లేనిచోటికి నమ్మకమైన కుర్రాళ్లతో వెళ్లిపోయి సొంతంగా ఏదైనా పెట్టుకుందామని. టీ బ్రేక్‌లో మేం మాట్లాడుకునేది అచ్చం ఇదే. తోటివాణ్ని దారిలో వదిలేసి పోవడం నీచమన్న తీర్పు కూడా ఆ సంభాషణలో ఉంది. షిప్పీ దీనిమీదా రాశాడు. నీచం ఏదో తెలిసినవాడికి ఆత్మ లేదనడం ఎలా? ఇది టోల్కీన్ గెలవని చోటు. గెలిచినట్టు నటించకుండా కాగితాల్ని అలాగే వదిలేసినందుకు మాత్రం నాకాయన మీద గౌరవం.

మోర్గోత్ మొదట పుట్టింది ఎక్కడో కూడా తల్చుకోవాలి. 1916లో సొమ్ యుద్ధం నుంచి జబ్బుపడి ఇంగ్లండ్ తిరిగొచ్చిన టోల్కీన్, ఆసుపత్రిలో 'గోందోలిన్ పతనం' మొదలుపెట్టాడు. అప్పటికి విలన్ పేరు మెల్కో. ఆ తొలి రూపంలో గోందోలిన్ మీదకి వచ్చే డ్రాగన్లలో కొన్ని ఇనుముతో చేసినవి, కడుపులో సైనికుల్ని మోసుకొస్తాయి. బ్రిటిష్ ట్యాంకులు మొదటిసారి యుద్ధంలోకి దిగింది సొమ్‌లోనే, అదే ఏడు. ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఇక తెర మీద మోర్గోత్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 2022లో వచ్చిన 'రింగ్స్ ఆఫ్ పవర్' మొదటి ఎపిసోడ్‌లో ఓ నల్లటి నీడ, వాడిపోతున్న రెండు చెట్లు. ఉంగోలియంట్ లేదు, కాలుతున్న పిడికిలి లేదు. నీడ పెద్దగా ఉంది, అంతే.

మిల్టన్ సైతానుకి 1667లోనే అద్భుతమైన ఉపన్యాసాలు దొరికాయి. మోర్గోత్‌కి సిల్మరిలియన్‌లో దాదాపు మాటలే లేవు. విలన్‌కి ఆకర్షణ ఇవ్వకూడదనే టోల్కీన్ అతని నోరు కట్టేశాడని నా ఊహ. భూకైలాస్, సీతారామ కల్యాణం చూసి రావణాసురుడి మీద మనసు పారేసుకున్న జాతివాళ్లం కాబట్టి ఆ జాగ్రత్త ఎందుకో మనకి తెలుసు. కానీ అలా కట్టెయ్యడం వల్ల కొంత నష్టం కూడా జరిగింది. అసూయ ద్వేషంగా మారిన ఆ క్షణం లోపల్నుంచి ఎలా ఉందో మనకి ఎప్పటికీ తెలియదు. ఒక్కచోట మాత్రం మోర్గోత్ నోరు విప్పి మాట్లాడతాడు. అది హూరిన్ ఎదుట.

హూరిన్ మనిషి. ఓడిన యుద్ధంలో చివరిదాకా నిలబడి ప్రాణాలతో పట్టుబడ్డాడు. గోందోలిన్ నగరం ఎక్కడుందో చెప్పమంటే చెప్పడు. 2007లో విడిగా పుస్తకంగా వచ్చిన 'ది చిల్డ్రన్ ఆఫ్ హూరిన్'లో ఆ ఇద్దరి సంభాషణ ఉంది. లోకంలో అందరి తలరాతలకీ యజమానిని నేనే అంటాడు మోర్గోత్. నువ్వు లోకం లోపలివాడివే, చచ్చి లోకం దాటిపోయాక మమ్మల్ని వెంటాడలేవు అంటాడు హూరిన్. అవతల ఏమీ లేదంటాడు మోర్గోత్.

ఆ జవాబు దగ్గర నేను ఎన్నిసార్లు ఆగానో. ఎందుకంటే అతను వచ్చిందే అవతల నుంచి. లోకం పుట్టకముందు పాడిన పాటలో అందరికన్నా గట్టి గొంతు అతనిది. మరి అబద్ధం చెప్తున్నాడా? లేక శూన్యంలో వెతికి ఖాళీ చేతులతో వచ్చిన ఆ రోజు నుంచి నిజంగానే అలా నమ్ముతున్నాడా? టోల్కీన్ చెప్పడు. నా మటుకు నాకు రెండోదే అనిపిస్తుంది. తనని పుట్టించినవాణ్ని మర్చిపోయేంతగా తగ్గిపోయాడు.

తర్వాత హూరిన్‌ని తంగొరోద్రిమ్ శిఖరం మీద ఓ రాతి కుర్చీలో కదలకుండా కూర్చోబెడతాడు. పిల్లల్ని శపిస్తాడు. 28 ఏళ్లు తన కళ్లతో, తన చెవులతో ఆ పిల్లల బతుకులు చూసేలా చేస్తాడు. కొరడా లేదు, మంట లేదు. చూపు ఒక్కటే. జరిగేవి నిజంగా జరుగుతున్నవే, చూపించే కోణం మాత్రం మోర్గోత్‌ది. కొడుకు తూరిన్ ఏ మంచిపని చేసినా అది ఎవరినో చంపుతుంది. పుట్టాక ఎన్నడూ చూడని చెల్లెలు నియనోర్, డ్రాగన్ మాయలో తన పేరే మర్చిపోయి అతనికి ఎదురుపడుతుంది. తెలియక పెళ్లాడతారు. తెలిశాక ఆమె కడుపుతో ఉండగానే నదిలో దూకుతుంది, అతను తన కత్తి మీద పడతాడు. 28 ఏళ్ల తర్వాత మోర్గోత్ హూరిన్‌ని ఏ షరతూ లేకుండా వదిలేస్తాడు. వదిలెయ్యడమే అతని పథకం. ఆ చూపు అంటుకున్న మనిషి ఎక్కడికి వెళ్తే అక్కడ నాశనం మొదలవుతుంది. ఇన్నేళ్లు దాచిన గోందోలిన్ జాడ కూడా కొండల ముందు నిలబడి హూరిన్ పెట్టిన కేకవల్లే శత్రువుకి చిక్కుతుంది.

సంగీతం కథలో ఇలూవతార్ మెల్కోర్‌తో, నువ్వేం పాడినా చివరికి అది నా పాటలోనే కలుస్తుందని చెప్తాడు. జలాధిపతి ఉల్మోకి ఉదాహరణ కూడా చూపిస్తాడు. మెల్కోర్ తెచ్చిన విపరీతమైన చలి నీటిని చంపలేదు, దాంట్లోంచి మంచు రేకులు పుట్టాయి. అతని వేడి నీటిని ఎండగట్టలేదు, మేఘాలూ వానా వచ్చాయి. టోల్కీన్ రాసినవాటిలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే చోట్లలో అదొకటి. అయినా తూరిన్ కథ చదివాక ఆ పేజీకి తిరిగి వెళ్తే ఆ అందం గొంతుకి అడ్డం పడుతుంది. నీటికి సరే. నియనోర్‌కి మంచు రేకు ఏది? పై నుంచి వినేవాడికి ఆమె ఒక విషాద స్వరం కావచ్చు, పాటకి లోతు వచ్చి ఉండొచ్చు. నదిలో దూకిన పిల్ల పాట వినడంలేదు. ఈ రెండు కథల్నీ రాసిన మనిషి ఒకడే కాబట్టి ఈ ప్రశ్న ఆయనకి తట్టలేదనుకోను. దశాబ్దాలపాటు తూరిన్ కథని తిరగరాస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా దాన్ని తీపి చెయ్యలేదు.

చివర్లో హూరిన్ తిరిగి తిరిగి పిల్లల సమాధి రాయి దగ్గరికి వస్తాడు. అక్కడ భార్య మోర్వెన్ కూర్చుని ఉంటుంది, ముసలిదై, చింకి బట్టల్లో. ఒకర్నొకరు గుర్తుపడతారు. ఆలస్యంగా వచ్చావంటుంది ఆమె. రాయి మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. తెలిస్తే చెప్పు, అమ్మాయి అబ్బాయిని ఎలా కనుక్కుంది అని అడుగుతుంది. 28 ఏళ్లు కూర్చుని చూసినవాడు, ఆ జవాబు తెలిసినవాడు ఆ కొండల్లో అతనొక్కడే. చెప్పడు. ఇద్దరూ ఇంకేమీ మాట్లాడుకోకుండా ఆ రాయి పక్కనే కూర్చుంటారు. పొద్దు గుంకుతుండగా ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, వదిలేస్తుంది.